తీరిక లేదనుట నిజమా?

ప్రత్యేక సంచికకు రచన పంపుడని అడిగినపుడెల్ల మన కుటుంబములలో వినవచ్చు సమాధాన మొక్కటే: "తీరిక లేదండీ." ఈ మాటను మేము నమ్మము. కొట్టు కట్టివేసిన పిదప లెక్కలు వ్రాయుటకు తీరిక గలదు. శుభలేఖలోని అచ్చుతప్పులను మూడుమార్లు దిద్దుటకును గలదు. కథయో గేయమో వ్రాయుమనగనే అది మాయమగును. మనలను ఆపుచున్నది తప్పు దొర్లునేమో యను భయము.

ఈ భయము ఏ రచయితకైనను ఉండునదే గాని, మన విషయమున దానికి మరియొక ముడి గలదు. బడిలో తమిళమో కన్నడమో ఒడియాయో మరాఠీయో చదివి, తెలుగును ఇంట మాత్రమే నేర్చినవారము మనలో పెక్కుమంది. కలము పట్టగనే, ఈ మాట తెలుగేనా, విజయవాడవారు నవ్వుదురేమో యని సంశయము. మొదటి వాక్యమును పదిమార్లు కొట్టివేసి, దీపమార్పి పండుకొందుము. సరియైన తెలుగు వచ్చిననాడు వ్రాయుదమనుకొందుము. ఆ నాడు ఏ పంచాంగమునను లేదు.

రచన నిర్దుష్టముగ నుండవలదా యని పెద్దలు కొందరు వాదింతురు. ఉండవలసినదే. కాని దిద్దుటకు ముందుగ నొక ప్రతి యుండవలెను గదా! గురజాడవారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడెను, 1897లో అచ్చుపడెను. దానినే వారు ఎంతగానో మార్చి, పెంచి 1909లో మరల ప్రకటించిరి. నేడు మనము చదివి ఆనందించునది ఈ రెండవ రూపమే. మొదటిదానిని లోపములున్నవని పెట్టెలో దాచియుండినచో రెండవది ఎచటినుండి వచ్చును?

మనకు మరింత దగ్గరివారు కి. రాజనారాయణన్. కోవిల్పట్టి చెంత ఇడైసేవల్ గ్రామమున, తెలుగు మాటలాడు కుటుంబమున 1923లో పుట్టిన రైతు. ముప్పది దాటిన పిదపనే కథలను అచ్చున కిచ్చిరి. పండితుల తమిళము పట్టుబడువరకు వేచియుండక, తమ నల్లరేగడి సీమ పలుకుబడినే కథలలోనికి దించిరి. ఆ పలుకుబడికి నిఘంటువును గూడ కూర్చిరి. తెలుగువారు దక్షిణమునకు వలసపోయిన వృత్తాంతమును 1976లో గోపల్ల గ్రామమను నవలగ వ్రాసిరి. దాని కొనసాగింపునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. మన పూర్వుల ప్రయాణమును మనము తమిళమున చదువుకొనుచున్నాము! తెలుగున ఆ పని మన తాతలేల చేయలేదు? వారికిని తీరిక లేకపోయెను గాబోలు.

జనుల నోటి తెలుగునకు రచనలో గౌరవము గావలెనని జీవితమంతయు పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగ నున్నది పర్లాకిమిడిలో; ఆ యూరు నేడు ఒడిశాలోనిది. అట్టివారు మన నడుమ మసలియుండగా, హోసూరు మాటకు, బళ్లారి మాటకు, షోలాపురము చేనేత ఇండ్ల మాటకు మనమే సిగ్గుపడుట వింత గాదా?

వారమునకొక సాయంకాలము, అరపుట చాలును. అవ్వ చెప్పు పొడుపుకథయో, ఇలవేల్పు కొలువో, తాత ఈ యూరికి వచ్చిన దారియో, ఇంట పలుకు మాటలలోనే వ్రాయుడు. అవ్వ ఉండగనే వ్రాయుడు. నడుమ తమిళపదము దొర్లిన దొర్లనిండు. అక్షరదోషములు దిద్దుటకు సంపాదకులున్నారు. వారికిని కొంత పని కల్పింపుడు.