భాగ్యనగరపు ప్రాచీన గృహములు

చార్‌మినారును చూడవచ్చిన యాత్రికుడు దాని నాలుగు మీనారులను చూచి, ఛాయాపటము తీసికొని, లాడ్‌బజారులో కొంతసేపు తిరిగి వెడలిపోవును. ఆ కట్టడమునకు వెనుకనున్న సందులలో నెట్టి యిండ్లు నిలిచియున్నవో, అందెన్ని మొన్నటివరకు నిలిచియుండి నేడు లేకపోయినవో యాతనికి దెలియదు. తెలియకుండుట యాతని దోషము గాదు. ఆ నగరముననే పుట్టి పెరిగినవారికిని, దానిని పాలించువారికిని తెలియకుండుటయే శోచనీయము. 1591లో నెలకొల్పబడిన చార్‌మినారునకు కావలివారున్నారు, చట్టమున్నది, మరమ్మతులకు ధనమున్నది. దాని చుట్టును తరతరములుగా ప్రజలు కాపురములు చేసిన యిండ్లలో చాలవానికి ఈ మూటిలో నొక్కటియు లేదు. ఈ భేదమును గూర్చియే నేడు మేము నాలుగుమాటలు వ్రాయదలచితిమి.

పాతబస్తీలో నాటి ప్రభువుల గృహములకు దేవిడీలని పేరు. వీధివైపున నెత్తయిన కమానుద్వారము. దానిని దాటిన పిమ్మట విశాలమైన ముంగిలి. దాని కొకవైపున పురుషులు కొలువుదీరు మర్దానా. లోపలివైపున స్త్రీల జనానా. నడుమ ఆకాశమునకు తెరచియున్న యంగణము. కోస్తాజిల్లాలలోని మండువాలోగిలి నెరిగిన వారి కీ కట్టుబడి క్రొత్తగా దోపదు. వేసవి తాపమును, వర్షపు జల్లును, ఉమ్మడికుటుంబపు రాకపోకలను ఎఱిగిన మేస్త్రీలే రెండింటిని కట్టిరి. గానుగలో నూరిన డంగుసున్నముతో లేపిన మందపు గోడలు మధ్యాహ్నపుటెండను లోనికి రానీయవు. అంగణము వేడిగాలిని పైకి విడిచిపుచ్చును. విద్యుచ్ఛక్తి యక్కరలేకయే చల్లగానుండు నిట్టి యిండ్లను కూలద్రోసి, గాజు పలకలతో పేటికలవంటి మేడలను కట్టి, వానిని చల్లబరచుటకు యంత్రముల నమర్చి, దానినే నాగరకత యనుకొనుచున్నాము.

పోయినవాని లెక్క చిన్నది కాదు. సాలార్‌జంగుల నివాసమైన దివాన్ దేవిడీలోనే 1951లో వారి పేరిటి వస్తుప్రదర్శనశాల నెలకొల్పబడినది. 1968లో నా వస్తువులు మూసీతీరముననున్న నూతనభవనమునకు తరలిపోయెను. వస్తువులు దక్కినవి గాని, వానికి పుట్టినిల్లయిన దేవిడీ దక్కలేదు. నేడు దాని ద్వారములు మాత్రమే బజారు నడుమ నిలిచి, లేని యింటికి కావలి కాయుచున్నవి. చార్‌మినారు సమీపమున నుండిన మాల్వాలా మహలు, చారిత్రక కట్టడముగా గుర్తింపబడియు, 2000 ప్రాంతమున నేలమట్టమైనది. ఆ తావున నంగళ్లు వెలసినవి. పేరుగన్నవాని గతియే యిట్లున్నప్పుడు పేరులేని వందల యిండ్లను గూర్చి చెప్పనేల?

చట్టము లేకపోలేదు. బొంబాయినగరము త్రోవ చూపిన 1995వ సంవత్సరముననే హైదరాబాదు మండలనిబంధనలలో 13వ నిబంధన చేర్చబడినది. దానిక్రింద సుమారు 150 కట్టడముల పట్టిక సిద్ధమైనది. పట్టికలోని కట్టడమును యజమానియే యైనను నిపుణుల సంఘము సమ్మతిలేక కూల్చరాదు, మార్చరాదు. ఈ నిబంధన సర్వసమర్థమని మేమనము. దాని కన్నులయెదుటనే కొన్ని కట్టడములు కూలినవి. అయినను గొడుగున్నదను ధైర్య మొకటి యుండెను. 2015 డిసెంబరులో ప్రభుత్వమువా రా నిబంధనను తొలగించిరి. 2017లో వేరొక వారసత్వ చట్టము వచ్చినది. ఆ నడుమ కాలములో ప్రాచీనగృహముల యజమానులు, గుత్తేదారులు నేర్చుకొన్న పాఠ మొక్కటే: నేడున్న రక్షణ రేపుండకపోవచ్చును, వేచియున్నచో చాలును. ఒక్కసారి యీ పాఠము నేర్పినపిదప దానిని మరపించుట యెంతో కష్టము.

ఇర్రంమంజిలు కథ యీ సందర్భమున స్మరింపదగినది. ఫక్రుల్ ముల్కు కట్టించిన యా భవనమును పడగొట్టి, యచ్చట క్రొత్త శాసనసభామందిరము కట్టవలెనని 2019 జూనులో ప్రభుత్వము నిశ్చయించినది. పౌరులు ఉన్నతన్యాయస్థానము నాశ్రయించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన న్యాయస్థాన మా నిర్ణయమును కొట్టివేసినది. ఈ తీర్పుకు సంతసించినవారు మరుచటి సంవత్సరమే మరియొక దృశ్యమును చూడవలసివచ్చెను. 2020 జూలైలో పాత సచివాలయముతోపాటు, ఆరవ నిజాము కాలమున కట్టబడిన సైఫాబాదు మహలును నేలగూలినది. ఒక భవనమును కాపాడిన తీర్పు మరియొకదానిని కాపాడలేకపోయినది. ప్రతి యింటికిని ఒక వ్యాజ్యము వేసి నగరమును రక్షించుకొనుట సాధ్యమా? న్యాయస్థానము తుదిశరణ్యము కావలెను గాని, నిత్యము కావలికాయునట్టి బంటు కాజాలదు.

ఈ రక్షణ వాదమునకు మూడాక్షేపణలు వినవచ్చుచున్నవి. మూటిని మేము గౌరవముతోనే విచారింతుము.

మొదటిది: ఇవి నవాబుల, జాగీర్దారుల మేడలు, రైతుల చెమటతో కట్టినవి, ప్రజారాజ్యమున వీనిపై మమకార మేల? ఈ ప్రశ్న న్యాయమైనది. జాగీర్దారీ దోపిడీని మరువవలసినదని మే మెన్నడును చెప్పము. కాని చెమట రైతుదైనచో గోడయు రైతుదే; రాయి చెక్కినవాడు, సున్నము నూరినవాడు, దూలమెత్తినవాడు ప్రజలే. ప్రభువు పోయెను, అధికారము పోయెను. మిగిలిన పనితనము పనివారిది. దానిని కూల్చుట ప్రభువుపై పగ దీర్చుకొనుట గాదు, పనివాని చేవ్రాతను చెరిపివేయుట. అంతియకాక యీ నగరపు గోడలలో దాగియున్నది ప్రభువుల కథయొక్కటియే గాదు. కోఠీలోని రెసిడెన్సీపై 1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాను తన యనుచరులతో దండెత్తెను. పరప్రభుత్వపు దర్పమునకు గుర్తుగా కట్టిన యా సౌధమే 1949లో ఆడుబిడ్డల కళాశాల యయ్యెను. నాంపల్లిలోని గోల్డెన్ త్రెషోల్డు సరోజినీదేవి పుట్టింటివారి యిల్లు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయ మా యింటనే తొలిదీపము వెలిగించుకొన్నది. 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము సుల్తాన్‌బజారున నిలిచి, తెలుగుమాట కాదరణలేని దినములలో తెలుగువారి కొక నీడ యయ్యెను. ఈ గోడలు లేనినాడు మన పిల్లల కీ కథలను ఏ తావున నిలువబెట్టి చెప్పగలము?

రెండవది యజమానుల మొర. ఇది మొదటిదానికంటె బరువైనది. తాతలనాటి దేవిడీ యిప్పుడు పదిమంది వారసుల నడుమ పంచుకొనబడియున్నది. కప్పు కురియుచున్నది. దూలమునకు చెదలు పట్టినది. నేర్పరియగు మేస్త్రీ దొరకడు. దొరికిన మేస్త్రీ సున్నపు గోడపై సిమెంటు మెత్తి, లోనితేమ వెలికి రాకుండజేసి, గోడను మరింత త్వరగా చెడగొట్టును. అట్టి గృహస్థునితో ప్రభుత్వమువారు "నీ యిల్లు దేశపు సొత్తు, దానిని ముట్టరాదు" అని మాత్రము చెప్పి యూరకుండుట యన్యాయము. దేశపు సొత్తయినచో దేశమును వ్యయములో పాలు పంచుకొనవలెను. దీనికి మార్గములు లేకపోలేదు. పాతయింటిపై మరి నాలుగంతస్తులు లేపుటకు వీలులేని యజమాని కా కట్టుబడి హక్కును నగరమున వేరొకచోట కట్టువారి కమ్ముకొనునట్లు పత్రమీయవచ్చును. ఇంటిపన్ను మాన్పవచ్చును. మరమ్మతులకు స్వల్పవడ్డీపై ఋణ మీయవచ్చును. అహమ్మదాబాదు నగరపాలకు లీ పనికి 1996లోనే ప్రత్యేకశాఖ నేర్పరచిరి. హక్కుపత్రముల పద్ధతిని ప్రవేశపెట్టిరి. అచ్చటి పోళ్ళనబడు ఇరుకు వాడలు, చెక్కపనితనపు ఇండ్లు గల ప్రాకారనగరము 2017లో యునెస్కోవారి ప్రపంచవారసత్వ పట్టికలో చేరినది. అచ్చటను చిక్కులున్నవి, ఇండ్లు కూలుచునేయున్నవి. కాని నగరమంతయు మేల్కొని యొక లెక్క కట్టుకొన్నది. మన మింకను లెక్కయే కట్టుకొనలేదు.

మూడవది రహదారి. జనము పెరిగినది, బండ్లు పెరిగినవి, త్రోవ చాలదు. నిజమే. పాతబస్తీకి మెట్రోరైలు వలదని మేమనము. దశాబ్దములుగా నెదురుచూచిన యా ప్రజలకు రైలు వారి హక్కు. 2024 మార్చిలో ఫలక్‌నుమా యొద్ద దానికి శంకుస్థాపన జరిగినది. 2025 ఆరంభమునుండి దారి వెడల్పునకై యిండ్లను, అంగళ్లను తొలగింప మొదలిడిరి. మేమడుగునది యొక్కటే: గునపము తగులుటకు ముందు కొలబద్ద తగులవలెను. ఏ యిల్లు ఎన్నటిది, ఏ ద్వారము నెన్ని గజములు జరిపిన మిగులును, ఏ ముఖభాగమును నిలుపవచ్చును అని ముందుగా వ్రాసికొని, పటము గీసికొని, ప్రజలకు చూపవలెను. ఈ నగరమే దీనికి దారి చూపియున్నది. 1908 సెప్టెంబరునాటి మూసీ వరద నగరమును తుడిచిపెట్టిన పిమ్మట 1912లో నగరాభివృద్ధిమండలి యేర్పడినది. వెడల్పయిన వీధిని దీర్చుచునే యా మండలివారు పత్థర్‌గట్టీ రాతికమానుల వరుసను నిలిపిరి. దారియు వచ్చినది, అందమును వచ్చినది. నూరేండ్ల వెనుక సాధ్యమైనది నేడసాధ్యమెట్లగును?

ఇచ్చట మరియొక మాట. ఒక్క యింటిని నిలిపి, చుట్టునున్న వాడ నూడ్చివైచినచో నది రక్షణ గాదు, అల్మారులోని బొమ్మ. చౌమహల్లా మహలు పునరుద్ధరణమునకు 2010లో యునెస్కోవారి బహుమానము లభించినది, సంతోషము. కాని మహలు గోడకావల నున్న వాడయు బ్రతుకవలెను. లాడ్‌బజారు లక్కగాజులకు 2024లో భౌగోళికసూచిక లభించినది. ఆ గాజులు చేయు కుటుంబములు నివసించు చిన్న గదులు, అంగడి వెనుకనుండు పనికొట్టములు, అరుగులు, నలుగురు చేరు సందుమలుపులు లేక ఆ గాజులెక్కడివి? వాడను ముస్తాబుచేసి, అద్దెలు పెంచి, అందున్నవారిని వెడలగొట్టి, యాత్రికులకు ఫలహారశాలలు తెరచుటకంటె కూల్చుటయే మేలనిపించును. ఇల్లు నిలువవలెను; ఇంటిలోనివారును నిలువవలెను.

కావున ప్రభుత్వమువారి కీ క్రింది విన్నపములు చేయుచున్నాము. వాడవాడను నడచి, చిన్నయిల్లు పెద్దయిల్లు ననక, ప్రాచీనగృహముల పూర్తిపట్టికను తయారుచేసి తెలుగునను, ఉర్దూనను ప్రకటింపవలెను. విడికట్టడములకే గాక వాడలకును రక్షణము విస్తరింపజేయవలెను. పట్టికలోనిదానిని తొలగింపదలచినచో ముందు ప్రజలయెదుట కారణము చెప్పి, యాక్షేపణలు వినవలెను. రాత్రికి రాత్రి యుత్తరువులు తగవు. యజమానులకు హక్కుపత్రములు, పన్నుమినహాయింపులు, ఋణములు కల్పింపవలెను. డంగుసున్నపు పని, గచ్చుపని, చెక్కపని నేర్చిన వృద్ధులగు మేస్త్రీలు కొందరైన నుండగనే, వారిని గురువులుగా నిలిపి యువకులకు నేర్పింపవలెను. ఈ కడపటిది యన్నిటికంటె త్వరపడి చేయవలసినది. పడిపోయిన గోడను లేపుట కైనను చేయి కావలెను. ఆ చేయియే పోయినచో గోడలున్నను ప్రయోజనములేదు.

ప్రజలకును ఒకమాట. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారి గృహము నేటికిని నిలిచియున్నది. అందడుగిడిన బాలుడు పాఠ్యపుస్తకములోని యొక పేరును మనుష్యునిగా నెరిగి వెలికివచ్చును. అట్టి యిండ్లు ప్రతియూరనున్నవి. వానిని గుర్తించుటకు ప్రభుత్వోద్యోగి రానక్కరలేదు. మీ వీధిలోని పాతయిల్లు ఎవరిది, ఎవరు కట్టిరి, అందేమి జరిగెనను ప్రశ్నలను ఇంటి పెద్దల నడిగి వ్రాసి యుంచుడు. తెలియనిదానిని కాపాడువా డుండడు.

నగరము పెరుగక తప్పదు. పాతదంతయు నిలుపవలెనని యెవ్వరును కోరరు, కోరినను జరుగదు. కాని యేది నిలుపవలెనో, ఏది విడువవలెనో మనము తెలిసి నిర్ణయించుట వేరు, గునపము నిర్ణయించుట వేరు. ఇంతవరకు నీ నగరమున గునపమే నిర్ణయించుచు వచ్చినది. ఇకనైన నా యధికారమును పౌరులు, ప్రభువులు కలిసి తమచేతికి తీసికొందురుగాక యని కోరుచున్నాము.