ఓడిన కోచ్‌ని ఉంచుకున్న జట్టు

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ ఓడారు. 2024 జనవరి 28న శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ మీద సగం ఆట అయ్యేసరికి 24-7తో ముందున్నవాళ్లు, చివరికి 31-34తో సూపర్‌బౌల్ గడప దగ్గర బోర్లాపడ్డారు. ఆ తర్వాత అందరూ కోచ్ డాన్ క్యాంప్‌బెల్‌నే ఆడిపోసుకున్నారు. రెండో సగంలో రెండుసార్లు, ఆఖరి ప్రయత్నమైన నాలుగో డౌన్‌లో మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌కి ప్రయత్నించకుండా ముందుకే దూకి భంగపడ్డాడని నేరం. మొదటిసారి బంతి జారింది రిసీవర్ జోష్ రేనాల్డ్స్ చేతుల్లోంచి. ఆ మాట ఎవరికీ గుర్తురాలేదు. సీజన్ పొడుగునా తెగువ అనిపించుకున్నదే ఒక్క రాత్రిలో తెలివితక్కువతనమైపోయింది. అత్తగారి న్యాయమంటే ఇదే.

అసలు ఈ జట్టు గట్టెక్కింది ఎలా? 2008లో పదహారుకి పదహారూ ఓడిన జట్టిది. క్యాంప్‌బెల్ తొలి ఏడు 2021లో గెలిచినవి మూడు. మరుసటి ఏడు మొదటి ఏడు ఆటల్లో ఒక్కటి. ఇంకెక్కడైనా ఆ వారమే కోచ్ చేతికి ఉద్వాసన కాగితం వచ్చేది. యజమాని షీలా ఫోర్డ్ హాంప్ మాత్రం ఆ ఏడో ఆటకి ముందే విలేకరుల ముందుకొచ్చి ఇతన్నే నమ్ముతున్నామంది. మిగతా పదిలో ఎనిమిది గెలిచారు. 2023 సీజన్లో 12 గెలుపులు, 1993 తర్వాత మొదటి డివిజన్ టైటిల్, 32 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్ విజయం. అదీ, తమ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌ని ఒకప్పుడు వద్దనుకుని వదిలించుకున్న రామ్స్ మీదే, 24-23తో!

ఓడినవాళ్లకి కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ముందు వరస ఇస్తారు, ఇందులో గొప్పేముంది అనేవాళ్లున్నారు. ఆ వరస డెట్రాయిట్‌కి కొత్త కాదే! 2007లో కాల్విన్ జాన్సన్, 2009లో మాథ్యూ స్టాఫోర్డ్ అలా వచ్చినవాళ్లే. ఇద్దరూ లయన్స్‌లో ఉండగా ఒక్క ప్లేఆఫ్ ఆటా గెలవలేదు. ఇప్పటి రిసీవర్ ఆమన్‌రా సెయింట్ బ్రౌన్‌ని 2021లో 112వ వాడిగా తీసుకున్నారు. అతనికి ముందు పదహారుమంది రిసీవర్లు అమ్ముడైపోయారు. వరస ఎవరికైనా దొరుకుతుంది. ఎంచుకునే కన్నూ, ఎదిగేదాకా ఆగే ఓపికా డ్రాఫ్ట్‌లో దొరకవు.

ఓపిక సంగతి సరే, జట్టుతోపాటు నగరమూ లేచిందన్న టీవీ పాట మాత్రం ఒళ్లు మండించింది. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల జనం, 2020కి ఆరు లక్షల నలభై వేలకి లోపు. మధ్యలో, 2013లో దివాలా. ఆ నగరం పడిన దెబ్బకి స్కోరుబోర్డు మందా? 1975 నుంచి 2001 దాకా ఈ జట్టే ఊరొదిలి శివారు పాంటియాక్‌లో ఆడుకుంది. 2002లో తిరిగొచ్చి చేరిన ఫోర్డ్ ఫీల్డ్ స్టేడియానికి ప్రజల సొమ్మూ కొంత పోశారు. అన్నట్టు, లయన్స్ గెలుపుకి మురిసిపోయి ‘మాది డెట్రాయిట్’ అంటున్న మన తెలుగువాళ్లలో చాలామంది ఇళ్లూ, పిల్లల బడులూ, కట్టే ఇంటిపన్నూ శివారు ట్రాయ్‌లోనో నోవైలోనో.