ఏరువాకయు బడిగంటయు

జూన్ మాసమున తెలుగునాట బడులు మఱల తెఱువబడును. ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణములోను సామాన్యముగా 12వ తేది ప్రారంభదినము. తొలకరి చినుకులు పడుటయు, జ్యేష్ఠపూర్ణిమనాడు రైతు ఎద్దులను పూజించి ఏరువాక సాగించుటయు ఇంచుమించుగ ఆ దినములలోనే జరుగును. ఒకే యింట రెండు సేద్యము లొక్కమాఱే మొదలగుచున్నవి. పొలమునకు మనవారు ముందుగనే దుక్కి దున్ని, విత్తన మేర్చి సిద్ధపడుదురు. బిడ్డల చదువునకు అట్టి సన్నాహము కలదా యని మేము ప్రశ్నించుచున్నాము.

నేడు పెక్కు కుటుంబములలో సన్నాహమన్నచో రుసుము చెల్లించుటయే. విత్తనమునకు, ఎరువునకు, కూలికి సొమ్ము వలసిన ఆ మాసముననే ప్రైవేటు పాఠశాలకు మొదటి వాయిదాయు, పుస్తకములును, దుస్తులును, బూట్లును, బస్సు కిరాయియు సమకూర్పవలసి వచ్చును. కౌలురైతు రెంటికిని ఒకే షాహుకారు గుమ్మ మెక్కును. వానలు మొగము చాటుచేసినయెడల పంట పోవును, వడ్డీ నిలుచును; రెండవ వాయిదా చెల్లింపలేనివాని బిడ్డ తరగతి వెలుపల తలవంచుకొని నిలువవలసి వచ్చును. తనకు దొరకని చదువు తన బిడ్డకైనను దొరకవలెనను తండ్రి యాశను మేము నిందింపము. ఆ యాశకు వెల కట్టు అధికారమును వర్తకునకు విడిచి ఊరకుండు సంఘమును మాత్రము నిందింపక తప్పదు.

తలిదండ్రులకు తమ హక్కులు తెలియకుండుట ఈ దురవస్థకు ఒక ముఖ్యకారణము. ఈ హక్కు లూరక వచ్చినవి కావు. 1911లో గోపాలకృష్ణ గోఖలేగారు ప్రాథమికవిద్యను నిర్బంధము గావించుటకు బిల్లు ప్రతిపాదింపగా, 1912లో నాటి సామ్రాజ్య శాసనసభ దానిని త్రోసిపుచ్చినది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, పదునాలుగేండ్లు నిండువఱకు బాలబాలికల కెల్లరకు ఉచిత నిర్బంధవిద్య నొసగుటకు పదియేండ్లలోపల యత్నింపవలెనని ప్రభుత్వమునకు విధించినది. ఆ గడువు దాటి నాలుగు దశాబ్దములు గడచిన పిమ్మట 2002లో 86వ సవరణముచే అది ప్రాథమికహక్కైనది. 2009లో శాసనమై, 2010 ఏప్రిల్ 1వ తేది నుండి అమలునకు వచ్చినది. నూఱేండ్లు నిరీక్షించి పొందిన హక్కును ఎఱుగక పోగొట్టుకొనుట మనకు తగునా?

ఆ శాసనము చెప్పునదేమి? ఆఱు మొదలు పదునాలుగేండ్లవఱకు గల బిడ్డను వయఃపత్రము లేదను కారణమున బడిలో చేర్చుకొనకుండరాదు. ప్రవేశమునకై బిడ్డను గాని తలిదండ్రులను గాని పరీక్షింపరాదు. క్యాపిటేషన్ రుసుము గొనరాదు. కొట్టుటయు, మనస్సు నొప్పించి హింసించుటయు నిషిద్ధములు. చదువు మానిన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబాటు తీరుటకు ప్రత్యేకశిక్షణ మొసగవలెను. బదిలీపత్రము ఆలస్యమైనదని ప్రభుత్వపాఠశాలలో ప్రవేశము నాపరాదు. కావున బాకీకై పాతబడి పత్రము నట్టిపెట్టుకొన్నను, ఆ బిడ్డకు వేఱొక బడి తలుపు మూసికొనిపోలేదని తల్లి యెఱుగవలెను. మఱియు ప్రభుత్వపాఠశాల యాజమాన్యసంఘమున ముక్కాలువంతు సభ్యులు తలిదండ్రులే. సంఘమున సగము స్త్రీలుండవలెను. అన్నము బాగుండలేదని, మరుగుదొడ్డికి నీరు లేదని వీథిలో వగచుటకంటె ఆ సంఘమున కూర్చుండి యడుగుట మేలు.

పేరు వ్రాయించుట తొలిమెట్టు మాత్రమే. జూన్‌లో హాజరుపట్టీ నిండియుండును; వానకాలము ముదిరిన కొలది కొన్ని పేరులకెదురుగ గైర్హాజరు గుర్తులు పెరుగును. కర్నూలు, గద్వాల ప్రాంతముల సంకరజాతి పత్తి విత్తనపు చేలలో పూవులను సంకరము చేయుపనికి బాలికలను పెట్టిన వైనము గడచిన దశాబ్దములలో పలుమాఱులు బయటపడినది. చిన్నవ్రేళ్ళు సుకుమారముగా పని చేయునట! ఆ వ్రేళ్ళు బలపము పట్టుటకు తగవా? ఆదోని ప్రాంతపు కూలికుటుంబములు మిరపకోతలకై గుంటూరుసీమకు వలసపోవునపుడు బిడ్డలును వెంట పోవుదురు. అట్టివారికై సీజనల్ హాస్టళ్ళు నడుపు పద్ధతి కలదు. వలసబండి కదలిన పిమ్మట కాక, అంతకు ముందే అవి తెఱువబడవలెను. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిరి. నూటయేబదియేండ్లు గడచిన పిమ్మటను, అన్న బడికి పోవుచుండ చెల్లెలు చేనికి పోవుచున్నదన్నచో అది మనకెల్లరకు సిగ్గుచేటు.

ఇక ఇంటిలో చేయవలసినది. సెలవులలో ప్రొద్దెక్కి లేచుట కలవాటుపడిన బిడ్డను బడి తెఱచుటకు వారము ముందునుండియే వేళకు పరుండబెట్టి వేళకు లేపవలెను. ఉదయమున ఇంత గంజియైనను త్రాగించి పంపవలెను. పుస్తకములసంచి నెత్తి చూడవలెను. 1, 2 తరగతుల బిడ్డకు సంచిబరువు కిలోన్నర మించరాదనియు, ఇంటిపని యీయరాదనియు కేంద్రప్రభుత్వము 2018లో సూచించినది. మించినచో ఉపాధ్యాయుని మర్యాదగ నడుగవలెను. చదువురాని తల్లి తానేమి చేయగలనని క్రుంగవలదు. సాయంకాలము బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని "నేడు బడిలో నేమి విన్నావు, నాకు చెప్పు" మని యడిగి, చెప్పినంతయు ఓపికతో విన్నయెడల, ఆ బిడ్డ విన్నదానిని తలచుకొని తన మాటలలో పెట్టుట నేర్చుకొనును. ఇది వెలలేని శిక్షణము.

ఉపాధ్యాయ సోదరులకు మా మనవి యొకటి కలదు. మొదటి వారము పరీక్షలతో, పోలికలతో బిడ్డలను బెదరింపకుడు. పేరు పెట్టి పిలువుడు. ఇంటిలో గోండియో, సవరయో, లంబాడీయో పలుకు బిడ్డ మౌనముగ నున్నయెడల మందుడని తలపకుడు; వానికి తెలియనిది మన భాషయే కాని, విషయము కాదు. గ్రామపెద్దలు ఆ వారముననే పట్టిక పుచ్చుకొని, పేరుండియు బడికి రాని బిడ్డ యింటికి స్వయముగ పోయి కారణము విచారింపవలెను.

మొలక చచ్చిన చేనిలో రైతు మఱల విత్తనము చల్లగలడు. బాల్యమున జాఱిపోయిన యేడు అంత సులభముగ మఱల చేతికి రాదు. కావున ఈ యేరువాకనాడు నాగలి పట్టు ప్రతి తండ్రియు, ఆ నాగలి వెంట తన బిడ్డను కాక బడివాకిటికి తన బిడ్డను నడిపింపవలెనని మేము కోరుచున్నాము.