టీవీ కొనబోయే ముందు



ధాన్యం డబ్బు చేతికొచ్చే రోజుల్లో చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "టీవీ కొందామనుకుంటున్నామండీ, ఎల్ఈడీ మంచిదా, క్యూఎల్ఈడీయా, ఓఎల్ఈడీయా?" ఈ పేర్ల విషయంలో మేమే ఒకసారి పొరపాటు పడ్డాము గనుక ఆ సంగతితోనే మొదలుపెడతాము.

నాలుగేళ్ళ క్రితం పట్నం వెళ్ళి 43 అంగుళాల టీవీ తెచ్చుకున్నాము. దుకాణంలో ఎదురుగా నిలబడి చూస్తే బొమ్మ ధగధగలాడింది. మా ఇంట్లో అమ్మగారి మంచం పక్క గోడకు ఆనుకొని ఉంటుంది. అక్కడినుంచి చూస్తే మనుషుల ముఖాలు సున్నం కొట్టినట్టు వెలిసిపోయి కనబడేవి. "నా కళ్ళే పోయాయి కాబోలు" అని ఆమె కొన్నాళ్ళు ఎవరితోనూ చెప్పలేదు. చివరికి కంటి డాక్టరుకు కూడా చూపించాము. లోపం కళ్ళలో లేదు, మేము తెచ్చిన తెరలో ఉంది.

అసలు సంగతేమిటంటే, డబ్బా మీద ఎల్ఈడీ అని రాసివున్నా లోపల ఉండేది ఎల్సీడీ తెరే. ఆ తెర తనంతట తాను వెలగదు. వెనక దీపాలు వెలుగుతుంటాయి, ముందు లక్షలాది చిన్న చుక్కలు కిటికీ రెక్కల్లాగా ఆ వెలుగును వదులుతూ, ఆపుతూ ఉంటాయి. పూర్వం వెనక సన్నని ట్యూబులైట్లు ఉండేవి, ఇప్పుడు ఎల్ఈడీ దీపాలు వచ్చాయి. పేరు ఆ దీపాలది. క్యూఎల్ఈడీ కూడా ఈ ఇంటి బిడ్డే. రంగులు శుభ్రంగా రావడానికి మధ్యలో ఇంకొక పొర వేస్తారు, అంతే. మినీ ఎల్ఈడీలో వెనక దీపాలు మరీ చిన్నవి, చాలా ఎక్కువ. బొమ్మ నల్లగా ఉన్నచోట వాటిని తగ్గిస్తారు గనుక నలుపు బాగా వస్తుంది.

ఓఎల్ఈడీ మాత్రం వేరే జాతి. దానిలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే ఆరిపోతుంది. చీకటి గదిలో దాని నలుపుకు సాటి లేదు, పక్కనుంచి చూసినా రంగు పెద్దగా చెడదు. కాని ధర బాగా ఎక్కువ, చిన్న సైజుల్లో అరుదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. కదలని బొమ్మ రోజూ గంటల తరబడి ఒకేచోట ఉంటే ఏళ్ళు గడిచేసరికి దాని మచ్చ తెరమీద నిలిచిపోవచ్చు. మన వార్తా ఛానళ్ళలో మూల నున్న గుర్తు, కింద ఎర్రపట్టీ పొద్దస్తమానం అలాగే ఉంటాయి గదా! వార్తలు పెట్టి పనిచేసుకునే ఇంటికి అది తగదని మా అభిప్రాయం. ప్లాస్మా అని వెనుకటికి ఒకటుండేది, 2014తో పెద్ద కంపెనీలు దాని తయారీ మానేశాయి. ఎవరైనా పాతది చవకగా ఇస్తామన్నా వద్దు.

మరి మా అమ్మగారి కష్టానికి కారణమేమిటి? ఎల్సీడీ తెరల్లోనే ముఖ్యంగా రెండు రకాలున్నాయి. వీఏ అనేదానికి నలుపు బాగుంటుంది, పక్కనుంచి రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్ అనేదానికి పక్కనుంచి బాగుంటుంది, చీకట్లో నలుపు కాస్త బూడిదరంగుగా కనబడుతుంది. ఇది డబ్బా మీద చాలాసార్లు రాయరు. మన ఇళ్ళలో పదిమంది మంచాల మీద, చాపల మీద, గుమ్మంలో కూడా కూర్చుని చూస్తారు. పగలు తలుపులు తీసే ఉంటాయి. అటువంటి ఇంటికి పక్కనుంచి చెడని తెర, మంచి వెలుగు ముఖ్యం.

కాబట్టి దుకాణంలో వాళ్ళు వేసే పూలు, సముద్రం బొమ్మలు చూసి మురిసిపోకండి. మీ ఇంట్లో వచ్చే ఛానలే పెట్టించండి. డీడీ ఫ్రీ డిష్‌లో ఎక్కువ ఛానళ్ళు మామూలు ఎస్డీవే, పెద్ద 4కె తెర మీద దగ్గరినుంచి చూస్తే బొమ్మ మసకగానే ఉంటుంది. తరువాత రెండు పక్కలకూ నడిచి, కింద కూర్చుని కూడా చూడండి. నవ్వితే నవ్వనివ్వండి, డబ్బు మీది. 2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళాలు దాటిన టీవీలకు జీఎస్టీ 28 శాతం నుండి 18కి తగ్గింది, బిల్లులో చూసుకోండి.

ఇంటికి తెచ్చేటప్పుడు ఆటోలో పడుకోబెట్టక నిలబెట్టి తీసుకురండి. తెర పగిలితే సాధారణంగా వారంటీ వర్తించదు. బిగించిన రోజే వెలుగు కొంచెం తగ్గించండి, దుకాణంలో పెట్టినంత అక్కర్లేదు. కరెంటు తగ్గుతుంది, వెనక దీపాలూ ఎక్కువకాలం వస్తాయి.

మా టీవీ ఇంకా పనిచేస్తూనే ఉంది. అమ్మగారి మంచం దానికి ఎదురుగా జరిపాము. తలుపుకు కాస్త అడ్డమే, పక్కగా తప్పుకొని నడుస్తున్నాము.