సేవకు వెళ్లేముందు



1866 కరువులో ఆకలితో వచ్చినవాళ్లకు గాదెలు తెరిచి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిది మన రాయలసీమలోని ఉయ్యాలవాడే. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది, జనం ఆయన మీద పాటలు కట్టుకున్నారు. విద్యార్థుల సేవాయాత్రల మీద సంచిక అనుకోగానే మాకు మొదట గుర్తొచ్చింది ఆయనే. గడపలోకి వచ్చినవాడి ఆకలిని ఆయన కళ్లారా చూశారు.

ఇవాళ విదేశాల్లో చదివే మన పిల్లలు సెలవుల్లో ఆఫ్రికాకో, దక్షిణ అమెరికాకో సేవకు వెళ్తున్నారు. ఆ మనసుకు చేతులెత్తి మొక్కుతాం. కానీ తాపీ పట్టడం రాని పిల్లలు బడి గోడ కడుతుంటే, ఆ ఊరి మేస్త్రీ పని లేక గట్టు మీద కూర్చుని చూస్తుంటాడు. విమానం టికెట్టు డబ్బుతో అతనికి ఎన్ని రోజుల కూలి దక్కేదో!

అలాగని పరాయి చెయ్యి వద్దనడం లేదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో కన్నుమూసేదాకా సీమలోనే ఉండిపోయారు. ఇక్కడి కరువును ఇక్కడే ఉండి నేర్చుకున్నారు. రెండు వారాల యాత్రలో అంత నేర్వలేం. అందుకే వెళ్లేముందే అడగాలి: మీకేం కావాలి, మేం వెళ్లిపోయాక దీన్ని ఎవరు చూసుకుంటారు? ఈ సంచికలో రాసినవాళ్లంతా తలో దారిలో పట్టుకున్నది ఈ ప్రశ్ననే.

ఇదే ప్రశ్న మన ఊళ్లకూ వర్తిస్తుంది. మీ ఊళ్లో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) విద్యార్థుల శిబిరం జరిగి ఉంటే, పిల్లలు వెళ్లాక ఏం నిలిచిందో మాకు రాయండి. వచ్చే సంచికలో ఆ ఉత్తరాలకు చోటు ఉంచాం.