కవ్వం తాడు

ఉదయం అయిదున్నర. వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక మేడ మీద కళ్లు మూసుకుని కూర్చున్నాం. సికింద్రాబాద్ స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినపడింది. అంతే, నా మనసు కాజీపేట చేరింది. అక్కడ అత్తయ్య, ఆవిడ మోకాలి నొప్పి, చేయించని రిజర్వేషన్, కట్టని కరెంటు బిల్లు. కళ్లు తెరిచాక గురువుగారు తేల్చేశారు: "ఆలోచనలొస్తే ఇరవై నిమిషాలూ వృథానే."

ఇప్పుడు ఊరంతా ఇదే మాట. నేను ఒప్పుకోను. ఈ మాట నమ్మే ఎంతోమంది "నాకు ధ్యానం రాదు" అని చాప చుట్టేశారు.

మనసు పోయేది బద్ధకంతో కాదు. చేతిలో పని లేనప్పుడు మెదడులో కొన్ని భాగాలు మరింత చురుగ్గా ఉంటాయని 2001లో మార్కస్ రైకిల్ బృందం చూపించింది. జరిగినవి నెమరేయడం, జరగబోయేవి ఊహించడం వాటికి అలవాటు. ధ్యానంలో గమనించే శ్వాసేమో కొత్త కబురేదీ తేదు. దాంతో మెదడు తన కబుర్లు తాను మొదలుపెడుతుంది.

"అంతా ఫోన్ల వల్లే" అంటారు. అర్జునుడి దగ్గర ఏ ఫోనుంది? మనసు గాలిలాంటిది, పట్టలేనని గీత ఆరో అధ్యాయంలో మొరపెట్టుకున్నాడు. కృష్ణుడు కాదనలేదు, అభ్యాస వైరాగ్యాలు కావాలన్నాడు. అంతకు ముందే, 26వ శ్లోకంలో, మనసు ఎటు పోతే అటు నుంచి మళ్లించుకు రమ్మన్నాడు. అసలు పోకూడనిదైతే మళ్లించే మాటెందుకు?

అవతలి వాళ్లకూ ఒక గట్టి ఆధారం ఉంది. మనుషుల మనసు దాదాపు 47 శాతం సమయం చేస్తున్న పని మీద ఉండదనీ, అప్పుడు సంతోషమూ తక్కువేననీ 2010లో హార్వర్డ్ పరిశోధకులు కిలింగ్స్‌వర్త్, గిల్బర్ట్ చెప్పారు. సరే, రోజులో సగం తిరిగే మనసు చాప మీద కూర్చోగానే బొమ్మైపోవాలా? 2012లో వెలువడిన ఎమరీ విశ్వవిద్యాలయం అధ్యయనంలో 14 మంది సాధకులను స్కానర్‌లో ఉంచి, మనసు పోయిందని తెలియగానే బటన్ నొక్కమన్నారు. అనుభవం ఉన్నవాళ్లే, అయినా నొక్కారు. ఆ తెలిసిన క్షణంలో మెదడులో వేరే భాగాలు మేలుకున్నాయి. సాధన జరిగేది అక్కడే.

మా అమ్మమ్మ చల్ల చిలికేటప్పుడు కవ్వం తాడు ఒక కొస దగ్గరికొస్తే రెండోది దూరం పోయేది. పోయిందని ఆవిడ ఏనాడూ నొచ్చుకోలేదు. పోకపోతే లాగడానికేముంది, వెన్నెక్కడిది?

మర్నాడు కూత వినగానే మళ్లీ కాజీపేట వెళ్లాను. రిజర్వేషన్ దగ్గర తెలిసొచ్చింది, వెనక్కొచ్చాను. ముందురోజైతే కరెంటు బిల్లు దాకా పోయాను.