ఫలకములు పడవపైననా? ఒడ్డుననా?

రాంబిల్లి తీరపు పడవలపై సౌరఫలకములు బిగించినచో చమురుబాధ తీరునని కొందరు పెద్దలు చెప్పుచున్నారు. బాధ నిజమే, వల నీట పడకమునుపే మత్స్యకారుని కష్టార్జితము చమురుపాలగుచున్నది. కాని ఈ వైద్యము లెక్కకు నిలుచునా?

పడవ 5 కిలోవాట్ల బలముతో 4 గంటలు నడచుననుకొందము. 20 యూనిట్లు కావలెను. ఒక కిలోవాటు ఫలకము దినమునకు సుమారు 4 యూనిట్ల నిచ్చును. అనగా 5 కిలోవాట్ల ఫలకములు, ఇంచుమించు 25 చదరపు మీటర్ల చోటు! ఇక వల ఎచట నుంచవలెను? మనుష్యు లెచట నిలువవలెను?

కేరళమున 2017 జనవరిలో నడుపబడిన 'ఆదిత్య'ను వారు చూపుదురు. అది 75 మందిని వేంబనాడు సరస్సు దాటించు, విశాలమైన కప్పుగల బల్లకట్టువంటిది. అలల కెదురేగు వేటపడవ కాదు.

కావున మేమనునది యిది: ఫలకములు ఒడ్డున రేవుకప్పుపై నుండవలెను, పడవలో బ్యాటరీ మాత్రమే యుండవలెను. సీసపు బ్యాటరీ బరువు. సగమునకు మించి వాడిన త్వరలో చెడును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకము మేలు. ఎదురుగాలి వేళకై మిగులుంచి 30 యూనిట్లది కావలెను. ఉప్పునీరు చొరని పెట్టె కావలెను. మరమ్మతు నేర్చిన ఊరి యువకులు కావలెను.

ఫలకమునకు పూలదండ వేయుట సులభము. లెక్క వేసి రేవు కట్టుడు! చమురు దాస్యమునుండి మత్స్యకారుని విడిపించు మార్గమదియే.